రాజుల మతమా, యుద్ధాలా? మా కొట్టంలో ఒక మూల గురించి చెప్తాను

"మన సమాజాన్ని ఎక్కువగా మార్చింది రాజుల మతమా, యుద్ధాలా? ఓరుగల్లు వాళ్లెవరైనా చెప్పండి" అని అడిగారు. మాది పరకాల దగ్గరి పల్లె. ముప్పై ఏళ్లుగా హనుమకొండలో ఉంటున్నాను. నన్నడిగితే రెండూ కాదు. రాజు ఎవరికి మొక్కాడు, ఎవరి మీద కత్తి దూశాడు అన్నది తర్వాతి సంగతి. కల్లం మీది ధాన్యంలో ఎంత పట్టుకుపోయాడు, ఎట్లా పట్టుకుపోయాడు అన్నదే ఊళ్లను మార్చింది. ఈ మాట నాకు మా ఇంట్లోనే దొరికింది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడనుకుంటా. బతుకమ్మ పండుగ ముందు మా నాయినమ్మ ఇల్లంతా ఎర్రమన్నుతో పూసి, వాకిలి, పశువుల కొట్టం పేడతో అలికేది. కొట్టంలో గాడి వెనక బారెడు జాగ మాత్రం ముట్టేది కాదు. చుట్టూ పచ్చగా అలుకు, ఆ ఒక్క మూల దుమ్ము. "మరిచిపోయినవా నాయినమ్మా" అని నేనే పేడచెయ్యి పెట్టబోయాను. నా రెక్క పట్టి గుంజింది. ఎప్పుడూ కసురుకోని మనిషి.

తర్వాత తనే చెప్పింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి మాట. నిజాం సర్కారు రైతుల దగ్గర లెవీ గల్లా, అంటే పంటలో తప్పనిసరిగా ఇచ్చుకోవాల్సిన ధాన్యం, వసూలు చేస్తున్న రోజులు. జర్మనీ ఎక్కడుందో మా ఊళ్లో ఒక్కరికీ తెలియదు, ఆ యుద్ధానికి మా వడ్లు, జొన్నలు పోవాలి. దొర పొలం పెద్దదే అయినా లెక్కలో చిన్నదిగా ఉండేది, మాది చిన్నదే అయినా పెద్దదయ్యేది. ఆమె కొత్త కోడలు, పదహారేళ్లుంటాయేమో. మా ముత్తాత రాత్రికి రాత్రి కొట్టంలో పాతర తవ్వి, చుట్టూ వరిగడ్డి పేర్చి, ఇంటిల్లిపాదికి ఏడాది గ్రాసం జొన్నలు పోశాడు. మీద బండ కప్పి మన్ను పోసి తొక్కారు. తెల్లారేలోపు అలికే పని ఆమెది.

"పేడ తక్కువుండె కొడుకా. కొట్టమంత అలుకుదామంటే సాలదని గా మూలొక్కటే అలికిన" అంది.

పొద్దుగాల్నే దొర మనుషులొచ్చారు. ఇల్లంతా చూశారు, గుమ్ములు చూశారు, ఏమీ దొరకలేదు. వెళ్లబోతూ ఒకడు కొట్టంలోకి తొంగిచూశాడు. అంతా ఎండిపోయి ఉన్న కొట్టంలో ఒక్క మూల తడి అలుకు. గడ్డపార దింపితే ఠంగుమని బండ మోగింది. జొన్నలన్నీ తోడుకుపోయారు. మా ముత్తాతను గడి, అంటే దొర ఉండే కోటలాంటి ఇల్లు, దాని ముందు ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. ఆ తర్వాత ఆయన నడుం నిటారు కాలేదట. ఆ యేడు వీళ్లు చింతగింజలు, తవుడు తిని బతికారు. "ఇంకో తట్టెడు పేడ ఎత్తుకొస్తే అయిపోవు" అని నలభై ఏళ్ల తర్వాత కూడా ఆమె తనను తానే తిట్టుకుంది. తప్పంతా తన చేతిదే అన్నట్టు.

బడిలో నేర్చిన తెలివితో నేను అడిగాను, "వాళ్లు తురకోళ్లా నాయినమ్మా?" అని. "కాదు బిడ్డా, గా దొర శివరాత్రికి తెల్లందాక జాగారముండెటోడు" అంది.

ఆ మాట విన్నాక కాకతీయుల చరిత్రను కూడా నేను అట్లాగే చదువుతాను. ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ 1310లో ఓరుగల్లు మీదికి వచ్చి బంగారం, ఏనుగులు, గుర్రాలు తీసుకుని, ఏటేటా కప్పం కట్టాలని ఒప్పించుకుని వెళ్లిపోయాడు. కప్పం ఆగిన తర్వాతే 1318లో ఒకసారి, 1321లో మరోసారి ఢిల్లీ సైన్యం వచ్చింది. 1323లో కోట పడిపోయింది, ఓరుగల్లుకు సుల్తాన్‌పూర్ అని పేరు పెట్టారు. కోటలో నాలుగు తోరణాల మధ్య స్వయంభూ గుడి శిల్పాలు ముక్కలై పడి ఉంటాయి. అవి చూస్తే నాకూ కడుపు మండుతుంది, ఆ గాయం చిన్నదని నేననను. కానీ ఆ దండయాత్రల వరుస కప్పం లెక్కతో మొదలైంది. ఆ కప్పం రాజు తన పొలంలో పండించింది కాదు.

అదే వంశంలో గణపతిదేవుడు 1244లో మోటుపల్లిలో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. ఈయన నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని మాటిచ్చాడు. ఆ కాలంలోనే రామప్ప గుడి, రామప్ప చెరువు, పాకాల చెరువు వచ్చాయి. ఆయన శివభక్తుడు, ఢిల్లీకి కప్పం కట్టిన ప్రతాపరుద్రుడూ శివభక్తుడే. దేవుడు మారలేదు, వసూలు మారింది.

ఇక్కడొక బాధ చెప్పుకోవాలి. మాకు బడిలో రాజుల పేర్లు, యుద్ధాల సంవత్సరాలు బట్టీ పట్టించారు. ఇల్లరి, పుల్లరి అని ఇంటి మీదా, పశువుల మేత మీదా పన్నులు ఉండేవని ఒక్కరూ చెప్పలేదు. ఇప్పుడు మా మేనల్లుడికి వాట్సాప్‌లో రోజుకో వీడియో వస్తుంది, ఎవడు ఏ గుడి కూల్చాడని ఒకటి, ఎవడు ఎవణ్ణి చంపాడని ఇంకొకటి. కోటకు తీసుకెళ్తే తోరణం ముందు ఫొటో దిగి వచ్చేశాడు. వాడికి పాతరంటే ఏంటో తెలియదు. నేను చెప్పబోతే "మామయ్యా, అవన్నీ ఇప్పుడెందుకు" అంటాడు. వాడి ముత్తవ్వ కథే అది.

మేడారం సంగతీ ఇంతే. కరువులో పన్ను కట్టలేమన్న కోయల మీదికి ప్రతాపరుద్రుడి సైన్యం వచ్చిందని, సమ్మక్క ఎదురు నిలిచిందని, ఆమె కొడుకు జంపన్న వాగులో పడి ప్రాణం విడిచాడని మా దగ్గర తరతరాలుగా చెప్పుకుంటారు. ఢిల్లీకి కట్టాల్సిన కప్పమే అడవిలో కోయల మీద పన్నయి కూర్చుందని నా గట్టి నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకుంటారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. గెలిచిన రాజుకు జాతర లేదు. పన్ను కట్టనన్న తల్లికి రెండేళ్లకోసారి ఇసుక వేస్తే రాలనంత జనం. మా నాయినమ్మ కాళ్లు ఆడినన్ని రోజులూ ఎడ్లబండి మీద వెళ్లి బంగారం, అంటే బెల్లం, ఇచ్చి వచ్చేది. ఇంట్లో చక్కెర కొనడానికి వెనకాడే మనిషి అక్కడ మాత్రం లెక్క చూసేది కాదు.

మీ ప్రశ్నలో రాజుల మతం అన్నారు కాబట్టి ఒకటి చెప్పి ఆపుతాను. ఈసారి ఇటు వస్తే కోట, వేయిస్తంభాల గుడి చూసుకుని జనగామ వైపు కూడా వెళ్లండి. దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెంలో షేక్ బందగీ సమాధి ఉంది. ముస్లిం రాజు ఏలుబడిలో, హిందూ దేశ్‌ముఖ్‌కు, అంటే పెద్ద దొరకు, ఎదురు తిరిగి, తన భూమి కోసం కోర్టుల చుట్టూ తిరిగిన పేద ముస్లిం రైతు. చివరికి చంపేశారు. ఆ ఊరివాళ్లను ఎవరినడిగినా దారి చూపిస్తారు.