టిబెటన్, ఉక్రేనియన్ మాండలికాలు: దేనిలో దూరం ఎక్కువ?

ప్రశ్న: టిబెట్‌లో లాసా వారి మాట ఆమ్దో వారికి అర్థం కాదని, ఉక్రెయిన్‌లో మాత్రం ఏ ప్రాంతం వారు మాట్లాడినా మిగిలినవారికి తెలుస్తుందని విన్నాను. రెండుచోట్లా వాటిని మాండలికాలనే అంటున్నప్పుడు ఇంత తేడా ఎందుకు? మన తెలుగు దేనికి దగ్గర?
– ఒక పాఠకురాలు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జవాబు: మీరు విన్నది చాలావరకు నిజమే. టిబెటన్ లిపి ఏడవ శతాబ్దంలో ఏర్పడిందని సంప్రదాయం చెబుతుంది. వెయ్యేళ్లకు పూర్వపు ఉచ్చారణను పట్టి స్థిరపడిన ఆ వర్ణక్రమమే కొద్ది మార్పులతో నేటికీ నడుస్తుండగా, పలుకుబడి మాత్రం ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క దారి పట్టింది. ‘ఙ’ అంటే నేను. ‘ల్ఙ’ అని రాసే మాటకు ఐదు అని అర్థం. లాసాలో ఆ లకారం ఏనాడో లోపించి దాని స్థానంలో స్వరస్థాయి వచ్చింది కనుక, కింది స్థాయిలో పలికితే ‘నేను’, పై స్థాయిలో పలికితే ‘ఐదు’ అవుతుంది. ఆమ్దోలో ఈ స్థాయీభేదమే లేదు. అక్కడ ‘ఐదు’కు ముందు హకారం వంటిదో రేఫ వంటిదో ఇంకా వినిపిస్తుంది. (మన వర్ణమాలలో పేరుకు మిగిలిన ఙకారం వారికి నిత్యవ్యవహారంలోనిది.) ‘బ్ర్‌గ్యద్’ అని రాసే ఎనిమిదిని లదాఖ్‌లో ‘ర్గ్యత్’ అంటారు, లాసాలో ‘గ్యె’ అంటారు. అందుకే కొందరు భాషావేత్తలు వీటిని మాండలికాలనక ఒక భాషాకుటుంబంగా లెక్కిస్తారు. మాట వరకు చూస్తే నాకు అదే సబబనిపిస్తుంది. కానీ లాసాలోనూ ఆమ్దోలోనూ ఒకే గ్రంథాన్ని చదువుకునే భిక్షువులకు తమది ఒకే భాష అనిపించడాన్ని తేలికగా తీసిపారేయలేము.

ఉక్రేనియన్‌లో ఉత్తర, ఆగ్నేయ, నైరుతి అని మూడు మాండలిక వర్గాలున్నాయి. ఆగ్నేయ వర్గం స్టెప్పీ మైదానాలలోకి వలసలతో విస్తరించినది కావడంతో ఎంతో విశాలమైన ప్రాంతంలో దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వైవిధ్యం ఎక్కువగా కార్పాతియన్ కొండలున్న నైరుతిలో కనిపిస్తుంది. కాలాన్ని ‘చాస్’ అనే ప్రామాణిక రూపానికి బదులు ఆ కొండలలో ఉండే హుట్సుల్ ప్రజలు ‘చెస్’ అంటారు. బంగాళాదుంప ప్రామాణిక భాషలో ‘కర్తోప్ల్యా’, పశ్చిమాన ఉన్న గలీసియాలో ‘బరాబోల్యా’, హంగేరియన్ ప్రభావమున్న ట్రాన్స్‌కార్పాతియాలో ‘క్రుంప్లి’. ఈ చివరి ప్రాంతంలో రుసిన్ అని పిలిచే పలుకుబడిని మాండలికమనాలా, వేరే భాష అనాలా అన్న వివాదం ఇంకా తేలలేదు. అసలు ఉక్రేనియన్‌నే రష్యన్ మాండలికంగా చూపడానికి రష్యా సామ్రాజ్యం ప్రయత్నించి, 1863లోనూ 1876లోనూ ఆ భాషలో ముద్రణను కట్టడి చేసింది. ఆ కాలంలో ఆస్ట్రియా పాలనలోని గలీసియా ఆ భాషకు ఆశ్రయమిచ్చింది. మాండలికమనే ముద్ర వేయడంలో అధికారానికి ఎంత పాత్ర ఉంటుందో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

తెలుగు ఈ రెండింటిలో ఉక్రేనియన్‌కే దగ్గర. విశాఖలో బంగాళాదుంప, తెలంగాణలో ఆలుగడ్డ, రాయలసీమలో ఉర్లగడ్డ అన్నా, శ్రీకాకుళం రైతు మాట అనంతపురం రైతుకు కొద్దిసేపట్లోనే పట్టుబడుతుంది. రాతలోనూ మనది టిబెటన్ దారి కాదు: మన వర్ణక్రమం ఉచ్చారణను చాలావరకు అనుసరిస్తుంది, ఉత్తరాంధ్రకు చెందిన గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడిన వ్యావహారికం నిలదొక్కుకున్నాక రాతకూ మాటకూ ఉన్న ఎడం మరింత తగ్గింది.