సెట్ అనే మాట, ఒక దవడ

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను, మొదటిసారి ఇంగ్లీషు కథ చూడకుండా, రెండోసారి పక్కన పెట్టుకుని. మొదటిసారే మూడో పేజీలో ఆగిపోయాను. "ఆమె తన దవడను అమర్చుకుంది" అని రాశావు. ఆ అమ్మాయికి అంతవరకూ దవడ లేదా, పెట్టుడు పళ్ళ సంగతేమైనా ముందు పేజీల్లో వస్తే నేను మర్చిపోయానా అని వెనక్కి తిప్పి చూశాను కూడా. తీరా ఇంగ్లీషు తీస్తే అక్కడున్నది 'సెట్ హర్ జా'. పళ్ళు బిగబట్టింది, అంతే. ఇక ఏడవను, ఇక తగ్గను అనుకున్న మనిషి మొహం ఎలా ఉంటుందో అది.

నవ్వానని బాధపడకు. నేను ఇంతకన్నా ఘోరం చేసినవాణ్ణి. నీ వయసులో ఒక కథలో 'ది సెట్ ఆఫ్ హిజ్ షోల్డర్స్' అని వస్తే, సెట్ అంటే జత కదా అని ధీమాగా "అతని భుజాల జత చూసి ఆమెకు ధైర్యం వచ్చింది" అని రాసేశాను. అచ్చయింది కూడా. ఒకాయన కార్డు రాశాడు, మిగతా జతలు ఇంట్లో పెట్టి వచ్చాడా అని. అక్కడ చెప్పింది అతను భుజాలు నిలబెట్టిన తీరు గురించి, ఆ నిలకడ గురించి. ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను, కోపంతోనే అనుకో.

ఈ మాట అంత పొట్టిదైనా మహా పొగరుమోతుది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో 20 సంపుటాలుగా వచ్చింది, అందులో అన్నిటికన్నా పొడుగు ఎంట్రీ దీనిదే. 430 అర్థాలు, దాదాపు 60,000 మాటల వివరణ, అంటే మూడక్షరాల ఇంగ్లీషు మాటకి ఓ నవలంత. ఆ తర్వాత జరిగిన సవరణల్లో 'రన్' దీన్ని దాటేసింది, క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి, ఆ ఒక్క మాట తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది. నువ్వేమో ఫోన్‌లో నొక్కగానే మొదట వచ్చిన 'అమర్చు' తీసుకుని పని కానిచ్చేశావు.

అలాగని 430 అర్థాలూ బట్టీ కొట్టమని కాదు, ఎవరూ కొట్టరు, ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగినవాళ్ళకీ అవి లెక్కగా తెలియవు. వాళ్ళకి తెలిసింది ఒక్క కదలిక. ఈ క్రియ పాత ఇంగ్లీషు 'సెట్టన్' నుంచి వచ్చింది, 'సిట్'కి ప్రేరణార్థకం, అంటే కూర్చోబెట్టడం. ఒకదాన్ని ఒకచోట పెడతావు, అది అక్కడే ఉండిపోతుంది. ఈ రెండు ముక్కలూ పట్టుకుంటే చాలావరకు దారి దొరుకుతుంది. పోసిన సిమెంటు పోసినట్టే ఉండి గట్టిపడితే సెట్. విరిగిన ఎముకని సరిచేసి కదలకుండా కడితే సెట్. పెళ్ళికి ఒక రోజు ఖాయం చేస్తే సెట్. బిగించిన దవడ ఇక కదలదు కాబట్టి అదీ సెట్టే. సూర్యుడు మాత్రం తనంతట తనే దిగి కూర్చుంటాడు, ఎవరూ కూర్చోబెట్టక్కర్లేదు.

ఇక జత, గుంపు, వరస అనే అర్థాలున్నాయే, స్పానర్ల సెట్, లెక్కల్లో మనం సమితి అనే సెట్, అవి అసలు ఈ కుటుంబమే కాదు. ఆ నామవాచకం లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది, మతశాఖని సెక్ట్ అంటారు చూడు, దాని చుట్టం. ఇంటిపేరు ఒకటే అయ్యేసరికి ఒకే ఇంటివాళ్ళని జనం అనుకున్నారు, ఇన్నేళ్ళు పక్కపక్కనే ఉండి ఒకదాని పోలికలు ఇంకోదానికి వచ్చాయి కూడా. నా భుజాల జత గొడవ అక్కడ పుట్టిందే.

ఇదేదో ఇంగ్లీషుకే ఉన్న రోగం అనుకోకు. మన 'పట్టు' చూడు. ఇనుముకి తుప్పు పట్టింది, ఒంటికి చెమట పట్టింది, నిద్ర పట్టింది, గంట పట్టింది, పసివాడికి పాలు పట్టింది, ఇంటిదారి పట్టాడు, పెట్టెలో ఇంకో చొక్కా పట్టదు, వాడికి ఎవరి గోలా పట్టదు. నువ్వెప్పుడైనా వీటి దగ్గర ఆగి ఆలోచించావా? లేదు. పక్కన నిద్ర ఉంటే ఒకటి, పెట్టె ఉంటే ఒకటి, చెవి దానంతటదే సర్దుకుంటుంది. ఇప్పుడు తెలుగు కొత్తగా నేర్చుకున్నవాడెవడో వచ్చి అన్నిటికీ ఒకే మాట వేసి "నాకు గంట దొరకబుచ్చుకుంది" అంటే ఎలా ఉంటుందో, నీ దవడ నాకు అలా వినబడింది.

అందుకని ఇలాంటి మాట ఎదురైతే దాన్ని వదిలేసి దాని పక్కనున్న మాటని చూడు. సెట్ పక్కన అలారం ఉందా, పెట్టడం. ఉచ్చు ఉందా, పన్నడం. పాట ఉందా, బాణీ కట్టడం. ఇంటికి నిప్పా, అంటించడం. అచ్చు అక్షరాలా, కూర్చడం. పొద్దు అయితే గుంకుతుంది, వాలుతుంది, నీ కథకి ఏది నప్పితే అది. ఏ పనికి ఏ క్రియ వాడాలో తెలుగు ఎప్పుడో తేల్చి పెట్టుకుంది. ఆ క్రియ నీకు తెలుసు, నోటితో రోజూ అంటావు, కాగితం ముందు కూర్చునేసరికే మర్చిపోతావు.

ఒక్కటి చెప్తాను, ఇది దొరికిన రోజు నాకు భలే సంతోషం వేసింది. ఇంగ్లీషులో ఉంగరంలో రాయిని కదలకుండా బిగిస్తే సెట్, కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టినా సెట్. ఈ రెండు పనులకీ ఏమిటి సంబంధం? ఏమీ లేదనుకున్నాను. తెలుగులో రాయిని ఏం చేస్తాం, పొదుగుతాం. కోడి గుడ్లని ఏం చేస్తుంది, పొదుగుతుంది. రెండు భాషలూ ఒకదాన్నొకటి చూసుకోకుండానే ఒకే చోట తేలాయి, అయితే మనం కోడి వైపు నుంచి చూశాం, వాళ్ళు కోడిని కూర్చోబెట్టేవాడి వైపు నుంచి. రోజంతా ఎవరికీ చెప్పుకోలేక ఒక్కణ్ణే నవ్వుకున్నాను.

ఇంకో సంగతి. నీ కథలో కుర్రాడు "ఆ ఉద్యోగం నాకు సెట్టవలేదురా" అన్నచోట నువ్వే కొట్టేసి "నాకు తగలేదు" అని దిద్దావు, తిరిగి పెట్టేయ్. ఆ సెట్టవడం తెలుగు మాట. ఇంగ్లీషువాడు అక్కడ సెట్ అనడు, వేరే క్రియ ఏదో వాడతాడు. మనం మాటని తెచ్చుకుని మనకి కావలసిన పని చెప్పుకున్నాం, వాళ్ళిద్దరికీ సెట్టవదు అంటాం, అంతా సెట్ అంటాం. మాటల్లో అది బతికే ఉంది. నువ్వు కథనంలో రాయకు, కుర్రాడి నోట్లోంచి తీసేయకు. నిఘంటువులో లేదన్న టెన్షన్ అసలొద్దు.

మిగతా పేజీల్లో ఇలాంటివి పెన్సిలుతో గీశాను, పదకొండు ఉన్నాయి. తొమ్మిదింటికి నీకే తడుతుంది. ఒకటి వాదించుకోవచ్చు. చివరి పేరాలో 'హర్ ఫేస్ వాజ్ సెట్' ఉంది చూడు, అది మాత్రం నాకూ కుదరలేదు. మొహం బిగుసుకుంది అంటే కోపం అనిపిస్తోంది, రాయిలా ఉంది అంటే మరీ పాతగా ఉంది, అక్కడ ఆమెకి ఉన్నది కోపం కాదు, నిర్ణయం అయిపోయాక వచ్చే ఒకలాంటి ఖాళీ. నాలుగు రోజులుగా బస్సులో కూడా అదే అనుకుంటున్నాను. నీకు ముందు దొరికితే రాయి.

మీ అన్న