‘డ్యూటీలో ప్రమాదం’ అని సంతకం పెట్టవద్దు

ప్రశ్న: మా తమ్ముడు విదేశీ జెండా ఉన్న సరుకు ఓడలో పనిచేసేవాడు. ఎర్ర సముద్రంలో యెమెన్ తిరుగుబాటుదారులు హూతీల డ్రోన్ తగిలి కుడిచేయి నలిగిపోయింది. ఎనిమిది నెలలైంది. రాత్రుళ్లు టెన్షన్‌తో లేచి కూర్చుంటాడు. ఒప్పందం కాపీ మా దగ్గర లేదు. ‘డ్యూటీలో జరిగిన ప్రమాదం, ఇక బాకీ లేదు’ అని సంతకం పెడితే వారంలో డబ్బు వేస్తామంటున్నాడు ఏజెంటు. పెట్టమంటారా? హూతీల మీద కేసు వేయగలమా?

జవాబు: సంతకం పెట్టవద్దు. హూతీల మీద కేసు మాట మరిచిపోండి, తీర్పు వచ్చినా వసూలు చేసుకునే దారి లేదు. మీకు డబ్బు ఇవ్వాల్సింది ఓడ యజమాని. ఎంత ఇవ్వాలన్నది ముఖ్యంగా ఒక్క విషయం మీద తేలుతుంది: దాడి జరిగినప్పుడు ఓడ ఎక్కడుంది, ఆ రోజుకు ఆ చోటు ఒప్పందం ప్రకారం యుద్ధ ప్రాంతమా?

నావికుల యూనియన్లు, ఓడల యజమానుల సంఘాలు కలిసి కుదుర్చుకునే ఐబీఎఫ్ ఒప్పందం కింద నడిచే ఓడల్లో, యుద్ధ ప్రాంతంలో మరణానికీ వైకల్యానికీ పరిహారం రెట్టింపు. అక్కడున్న రోజులకు మూల వేతనమంత బోనస్ అదనం. అక్కడికి రానని చెప్పే హక్కు కూడా ఉంది, కానీ వెళ్లినంత మాత్రాన పరిహారం తగ్గదు. ‘డ్యూటీలో ప్రమాదం’ అని మీరే రాసిచ్చాక మాత్రం ఆ రెట్టింపు కోసం పోరాడటం చాలా కష్టం.

ఒప్పందం కాపీ లేకుండా ఇన్ని నెలలు ఎలా కూర్చున్నారు? సంతకం చేసిన ఒరిజినల్ నావికుడి చేతిలో ఉండాలని 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడికే చెబుతోంది. ఓడకు బ్లాక్ బాక్స్ లాంటి వీడీఆర్ రికార్డింగ్ మీద సాధారణంగా నెల రోజులు అటూఇటుగా కొత్తది ఎక్కుతుంది. కంపెనీ విడిగా దాచి ఉంటే తప్ప అది పోయినట్టే. కనుక ఇవాళే ఒప్పందం, లాగ్‌బుక్ పేజీలు ఈమెయిల్‌లో అడగండి. దాడుల మీద బ్రిటన్ సముద్ర భద్రతా కేంద్రం యూకేఎంటీఓ తేదీ, చోటుతో హెచ్చరికలు ఇస్తుంది, ఆ రోజుది దించి పెట్టుకోండి. మొదట చూసిన ఆసుపత్రి రిపోర్టు కావాలి. రాత్రుళ్లు లేచి కూర్చోవడం గురించి మీరు రాశారు, సైకియాట్రిస్టు కాగితం లేనిదే కోర్టులో అది నిలవదు.

గడువు చూడండి. మన 2017 అడ్మిరాల్టీ చట్టంలో గాయానికి ఓడ మీద ఉండే లీన్ హక్కు, అంటే ఓడ నుంచే బాకీ రాబట్టుకునే హక్కు, ఏడాదితో పోతుంది. ఆలోగా ఓడను అరెస్టు చేయించాలి, అంటే కోర్టు ఆదేశంతో కదలకుండా ఆపించాలి, అందుకు అది మన రేవుకు రావాలి. మీకు మిగిలింది నాలుగు నెలలు. 2024లో హూతీల దాడికి గురైన రూబీమార్ అనే సరుకు ఓడ మునిగినట్టు ఓడే లేకపోతే అరెస్టు చేయించడానికి ఏమీ ఉండదు.

అందుకే బీమా దారి ముందు పట్టండి. గాయానికి, మరణానికి ఇవ్వాల్సిన పరిహారానికి ఆర్థిక హామీ పత్రం ఓడలో అందరికీ కనిపించేలా పెట్టాలన్న నియమం 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. తమ్ముడితో పనిచేసినవారి ఫోన్లో దాని ఫొటో ఉందేమో అడగండి. అందులో ఉన్న బీమా సంస్థకు నేరుగా క్లెయిమ్ పంపవచ్చు. తక్కువకు ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదనీ, వైకల్యం ఎంతో తేలేదాకా మధ్యంతర చెల్లింపు ఇవ్వాలనీ ఆ నియమాల్లోనే ఉంది. ఏజెంటును రాతపూర్వకంగా ఆ మధ్యంతర డబ్బే అడగండి. రెండు వారాల్లో జవాబు రాకపోతే, అతనికి లైసెన్సు ఇచ్చిన కేంద్ర నౌకాయాన విభాగం డీజీ షిప్పింగ్‌కు ఆ ఉత్తరం జతచేసి ఫిర్యాదు పంపండి.