డల్లాస్ ఇల్లు అమ్మి తిరుపతిలో ఫ్లాట్లు కొంటే ట్యాక్స్ తప్పుతుందా?

ప్రశ్న: మావాడు డల్లాస్‌లో ఉంటాడు. ఎనిమిదేళ్ల కిందట కొని అద్దెకిచ్చిన ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో తిరుచానూరు రోడ్డులో రెండు ఫ్లాట్లు కొందామంటున్నాడు. 1031 సెక్షన్ కింద చేస్తే పైసా ట్యాక్స్ ఉండదని ఫ్రెండ్స్ చెప్పారట. నిజమేనా? ఇంకోటి, చిత్తూరులో నా ఖాళీ సైటు మా బావమరిదికిచ్చి తిరుపతిలో ఆయన ఇల్లు తీసుకోవాలనుకుంటున్నాం. డబ్బు చేతులు మారదు కాబట్టి ట్యాక్స్ ఉండదు కదా? – ఒక రిటైర్డ్ టీచర్, తిరుపతి

జవాబు: మాస్టారూ, ఫ్రెండ్స్ సగమే చెప్పారు. 1031 అమెరికా చట్టంలోది. అద్దె ఇల్లు అమ్మి పెట్టుబడి కోసం మరో స్థిరాస్తి కొంటే లాభం మీద ట్యాక్స్ అప్పటికి కట్టక్కర్లేదు. ఫీనిక్స్‌లో ఇల్లు కొన్నా, ఖాళీ స్థలం కొన్నా సరే. తిరుచానూరు రోడ్డులో మాత్రం కుదరదు, అమెరికా ఆస్తికి బయటి దేశపు ఆస్తి జోడీ కాదని ఆ సెక్షన్‌లోనే ఉంది.

అసలు అది మాఫీ కాదు, వాయిదా. 2 లక్షల డాలర్లకు కొన్నాడనుకోండి, ఇన్నేళ్లలో 50 వేలు తరుగుదల కింద (ఇల్లు పాతబడుతుందని ఏటా ఆదాయంలోంచి తగ్గించుకునే మొత్తం) రాసుకున్నాడు, ఇప్పుడు మూడున్నర లక్షలకు అమ్మి అంతకే ఇంకోటి కొన్నాడు. ట్యాక్స్ లెక్కలో ఆ కొత్త ఇంటి ఖరీదు మూడున్నర కాదు, లక్షన్నరే. రేపు 4 లక్షలకు అమ్మితే రెండున్నర లక్షలకూ ట్యాక్స్ పడుతుంది. అమ్మకుండా యజమాని పోతే వారసులకు ఆ పాత లాభం లెక్కలోంచి పోతుంది, అందుకే అక్కడ కొందరు బతికున్నంతకాలం మారుస్తూనే ఉంటారు!

పైగా గడువులు మహా కఠినం. అమ్మిన డబ్బు మీవాడి ఖాతాలో పడకూడదు, మధ్యవర్తి దగ్గరికే పోవాలి, ఆ మధ్యవర్తిని అమ్మకం పూర్తికాకముందే పెట్టుకోవాలి. 45 రోజుల్లో ఏది కొంటాడో రాసి సంతకం చేసివ్వాలి, 180 రోజుల్లో కొనెయ్యాలి, ఆదివారాలూ పండగలూ అన్నీ లెక్కలోకే. నాకు తెలిసినాయన కొడుకు డిసెంబర్ 2న అమ్మి, సంక్రాంతికి ఇక్కడికొచ్చి, తిరుమలలో బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించి తిరిగెళ్లేసరికి జనవరి 16 దాటిపోయింది. కొండ మీంచి మెయిల్ పెట్టినా సరిపోయేది పాపం.

తిరుపతి ఫ్లాట్లే కావాలంటే మీవాడు అక్కడ ట్యాక్స్ కట్టేసి డబ్బు తెచ్చుకోవడమే. మామూలు ఆదాయమైతే లాభం మీద ఎక్కువమందికి 15 శాతం, తరుగుదల రాసుకున్న మొత్తం మీద 25 శాతం దాకా పడొచ్చు. టెక్సాస్‌కు రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, అదొక్కటి కలిసొచ్చింది. ఎన్నారైగా ఉన్నంతవరకు ఆ లాభం మీద ఇక్కడ పన్ను లేదు. అన్నట్టు, ఫ్లాట్లతో ఆగకుండా చిత్తూరు వైపు మామిడితోట కూడా చూద్దామంటే వద్దనండి, ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు.

ఇక మీ సైటు సంగతి. డబ్బు చేతులు మారకపోయినా మన చట్టంలో మార్పిడి కూడా అమ్మకం లాంటిదే, ఇద్దరికీ లాభం లెక్క కడతారు, అదీ రిజిస్ట్రేషన్ విలువ చూసి. సైటు మీ చేతికొచ్చి రెండేళ్లు దాటి ఉంటే, బదులుగా ఇల్లే వస్తోంది కాబట్టి వేరే ఆస్తి ఇచ్చి ఇల్లు తీసుకున్నవాళ్లకిచ్చే మినహాయింపు (1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 54ఎఫ్) మీరు అడగొచ్చు. ఈ ఇల్లు కాక మీకు ఒకటికి మించి ఇళ్లు ఉండకూడదు, దీన్ని మూడేళ్లు అమ్మకూడదు. చిక్కంతా మీ బావమరిదికే. ఆయన ఇల్లిచ్చి ఖాళీ సైటు తీసుకుంటున్నాడు, ఆ సైటు మీద మినహాయింపు (1961 చట్టంలో సెక్షన్ 54, ఇల్లిచ్చి ఇల్లు సమకూర్చుకున్నవాళ్లకిచ్చేది) దొరకాలంటే అందులో మూడేళ్లలో ఇల్లు కట్టాలి. రిజిస్ట్రేషన్‌కు పోకముందే ఆయన కడతాడో లేదో తేల్చుకోండి.