రీమాస్టర్ కొనే ముందు వాల్యూమ్ సమానం చేసి వినండి

పెద్ద ఆర్కెస్ట్రాతో చేసిన పాత హాలీవుడ్ సినిమాల సంగీతం రీమాస్టర్ పేరుతో, అంటే పాత రికార్డింగ్‌కే సౌండ్ సరిచేసి, ఒక్కోటి నాలుగైదు సార్లు విడుదలైంది కదా, కొత్తగా వచ్చిన దాంట్లో సౌండ్ నిజంగానే బాగుంటుందా అని కొందరు అడిగారు. కొన్నిసార్లు చాలా బాగుంటుంది. ఎక్కువసార్లు మాత్రం శబ్దం పెరుగుతుంది, అంతే. ఈ రెండిటికీ తేడా తెలియక జనం కొన్నదే మళ్లీ కొంటున్నారు, నా బాధల్లా అదే.

విజయవాడలో మా బావగారింట్లో మంచి స్పీకర్లున్నాయి. పోయిన దసరాకి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక "ఒరే, ఇటు రా, ఇది విను, 24 బిట్ అట" అని కొత్తగా కొన్న ఫైల్ పెట్టారు. జాన్ విలియమ్స్ చేసిన స్టార్ వార్స్ సినిమా సంగీతం, 1977 నాటిది. తొలి ట్రంపెట్లకే కిటికీ అద్దాలు అదిరాయి. ఆ వెంటనే నా దగ్గరున్న అదే సంగీతం 1997 ఆర్‌సీఏ విక్టర్ సీడీ పెడితే నీరసంగా వినిపించింది. "చూశావా, ఇరవై ఏళ్లుగా పాతది పట్టుకుని వేలాడుతున్నావు" అన్నారు. నేను ఏమీ అనకుండా ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, ఆయన కూర్చునే కుర్చీలో తల ఆనే చోట పెట్టి, ఆ ట్రంపెట్ల దగ్గర రెండూ ఒకే మోతాదులో వచ్చేదాకా వాల్యూమ్ సరిచేశాను. అప్పుడు మొదటి నుంచి వినమన్నాను.

ఆ మెయిన్ టైటిల్ తెలిసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఆర్భాటమంతా అయిపోయి, తెర మీద అక్షరాలు దూరంగా వెళ్లిపోయాక ఒక్క పికొలో, అంటే చిన్న ఫ్లూట్, సన్నగా పలుకుతుంది. సీడీలో ఆ పికొలో ఎక్కడో హాలు చివర నుంచి వస్తున్నట్టుంది, దాని చుట్టూ గాలి వినిపిస్తుంది. ఫైల్లో అదే పికొలో ట్రంపెట్లంత పెద్దదై మొహం మీదికొచ్చింది. పైగా తాళాలు మోగినప్పుడల్లా "ఛస్" మని చిట్లిపోతున్నాయి. బావగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "సీడీ ఇంకోసారి పెట్టు" అన్నారు. రాత్రికి ఆ ఫైల్‌ని ఆడాసిటీలో, అంటే శబ్దాన్ని గీతగా చూపించే సాఫ్ట్‌వేర్‌లో, తెరిచి చూస్తే గీత పైనా కిందా కత్తిరించినట్టు చదునుగా ఉంది, అంటే శబ్దం పెంచడానికి శిఖరాలు నరికేశారన్నమాట. అమ్మిన సైటు పేరు ఇక్కడెందుకు, అలాంటివి బోలెడున్నాయి.

ఒక్క డెసిబెల్ పెరిగినా మన చెవికి అదే బాగున్నట్టు అనిపిస్తుంది. శబ్దం పెరిగేకొద్దీ బాస్, ట్రెబుల్ ఇంకాస్త నిండుగా వినిపిస్తాయి కాబట్టి. అందుకే వాల్యూమ్ సమానం చేయకుండా ఏ రెండు రిలీజుల గురించి ఎవరు ఏ తీర్పు ఇచ్చినా నేను నమ్మను, అతను ఎంత ఖరీదైన హెడ్‌ఫోన్స్ వాడినా సరే.

ఇక ఆ 24 బిట్ల గొడవ. బిట్లు పెరిగితే అతి సన్న శబ్దం నుంచి అతి పెద్ద శబ్దం దాకా పట్టగల పరిధి పెరుగుతుంది, అంతే. మామూలు సీడీకే 96 డెసిబెల్ల పరిధి ఉంది, 70లలోని అనలాగ్ టేపుకి అంత ఉండదు. టేపులో లేనిది 24 బిట్ ఎక్కడి నుంచి తెస్తుంది? చూడాల్సింది ఏ టేపు నుంచి తీశారన్నది. సూపర్‌మ్యాన్ (1978) సంగతే తీసుకోండి. 2000లో రైనో కంపెనీ రెండు సీడీలుగా తెచ్చినప్పుడు అసలు టేపులు అందుబాటులో లేక, దొరికిన వాటితో సర్దుకున్నారు. తర్వాత తొలితరం టేపులు బయటపడ్డాక, వాటి నుంచి లా-లా లాండ్ రికార్డ్స్ 2019లో మూడు సీడీల సెట్ తెచ్చింది. అదీ రీమాస్టర్ అంటే! రెండూ విన్నవాళ్లకి మీటర్ అక్కర్లేదు. 2019 సెట్‌లో ఇత్తడి వాద్యాలు విడివిడిగా నిలబడతాయి.

ఇంకో తికమక కూడా ఉంది. మీరు పోల్చేది అసలు ఒకే రికార్డింగేనా? జాస్ (1975) ఎల్పీ కోసం విలియమ్స్ ఆ సంగీతాన్ని మళ్లీ వాయింపించారు. సినిమాలో మనం విన్నది ఆల్బమ్‌గా వచ్చింది 2000లో, డెక్కా కంపెనీ ద్వారా. ఈ రెండూ పక్కపక్కన పెట్టి "రీమాస్టర్‌లో వేగం మారింది, వయొలిన్లు మారాయి" అని వాదించుకునేవాళ్లని చూశాను. మారవా మరి, వేరే రోజు వేరేగా వాయించింది కదా. స్ట్రీమింగ్ యాప్‌లు దీన్ని ఇంకా చెడగొట్టాయి. సినిమా వచ్చిన ఏడాది వేసి ఊరుకుంటాయి, ఏ రీమాస్టరో చాలాసార్లు చెప్పవు.

టేపు రొద తీసేసి "క్రిస్టల్ క్లియర్" అని అమ్మేవాళ్ల మీద నాకు వేరే కోపం ఉంది. ఆ సుయ్‌మనే రొదతో పాటు హాలు గాలి కూడా పోతుంది, పాల మీద మీగడ తీసేసినట్టు. స్టార్ వార్స్‌ని 1977 మార్చిలో ఇంగ్లండులోని డెన్హామ్‌లో, ఆన్విల్ స్టూడియోలో లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్లు వాయిస్తే ఎరిక్ టామ్లిన్సన్ రికార్డు చేశారు. ఆర్కెస్ట్రాలో ప్రధాన ట్రంపెట్ మారిస్ మర్ఫీ అప్పుడే కొత్తగా చేరారు. ఆ గదిలో ఆయన ఊదిన ఊపిరి వినిపించాలంటే కాస్త రొద ఉండనివ్వాలి.

కాబట్టి స్టార్ వార్స్‌కి పాత 1997 సీడీ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే తీసుకోండి. మొదటి డిస్క్ చివర, కాసేపు నిశ్శబ్దం తర్వాత, మెయిన్ టైటిల్‌కి తీసిన వేర్వేరు టేక్‌లు దాచి ఉంచారు, అవి వదలకుండా వినండి. సూపర్‌మ్యాన్‌కి 2019దే.

నాకు ఇవన్నీ చూస్తే అసూయ. హాలీవుడ్ అభిమానులు ఒక్క సినిమా నేపథ్య సంగీతాన్ని నాలుగు రకాలుగా పోల్చుకుంటున్నారు, మన పాత సినిమాలకి పోల్చడానికి ఒక్కటి దొరకడమే కష్టం. గీతాంజలి (1989) క్యాసెట్ కొంటే పాటలే వచ్చాయి. ఇళయరాజా ఆ సినిమాకి చేసిన వయొలిన్ల నేపథ్య సంగీతం వినాలంటే ఇప్పటికీ సినిమా పెట్టుకుని, మాటల మధ్య దొరికినంత ఏరుకోవాల్సిందే. హక్కులున్న కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ టేపులు ఏ గోదాములో ఉన్నాయో ముందు వెతికించండి, బూజు పట్టకముందే కంప్యూటర్‌లోకి ఎక్కించండి. రీమాస్టర్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.