పని ఆగిన నెలల్లో ఇల్లు గడిచేదెలా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. మోటార్ల వైండింగ్ షాపు నడుపుతున్నాను. ఖర్చులు పోను నెలకు 40 వేల దాకా మిగులుతుంది. ఇంటి ఖర్చు, హౌసింగ్ లోన్ కిస్తీ కలిపి 30 వేలవుతాయి. 50 లక్షల టర్మ్ పాలసీ, 5 లక్షల హెల్త్ పాలసీ ఉన్నాయి. తోటి మెకానిక్ ఒకరు నిచ్చెన మీద నుంచి పడి, తుంటి విరిగి ఏడు నెలలుగా పనికి వెళ్లడం లేదు. నాకు అలా జరిగితే ఈ పాలసీలు సరిపోతాయా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: సరిపోవు. టర్మ్ పాలసీ మీరు మరణిస్తే కుటుంబానికి డబ్బిస్తుంది, హెల్త్ పాలసీ ఆసుపత్రి బిల్లు కడుతుంది. కానీ మీరు డిశ్చార్జ్ అయి ఇంటికి వచ్చి, షాపు తెరవలేక కూర్చున్న నెలల్లో బియ్యానికి గానీ కిస్తీకి గానీ ఆ రెండూ పైసా ఇవ్వవు. నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్ఐ పరిధిలో ఉన్న ఉద్యోగి పనిలో గాయపడితే, కోలుకునే దాకా వేతనంలో 90 శాతం మేర అందుతుంది. సొంత షాపు నడిపేవారికి ఆ ఆసరా లేదు కనుక వైకల్య బీమా మీకు మరీ అవసరమని నా అభిప్రాయం.

మన దేశంలో అది ఎక్కువగా వ్యక్తిగత ప్రమాద బీమా రూపంలోనే దొరుకుతుంది. రెండు కళ్లో, రెండు చేతులో పోవడం వంటి శాశ్వత పూర్తి వైకల్యానికి బీమా మొత్తమంతా చెల్లిస్తారు. శాశ్వత పాక్షిక వైకల్యానికి మాత్రం పాలసీలోని పట్టిక ప్రకారం ఇంత శాతమని ఇస్తారు. చాలా పాలసీలలో చేతి బొటనవేలు పూర్తిగా పోతే 25 శాతం, చూపుడువేలు పోతే 10 శాతం అని ఉంటుంది. రాగి తీగను స్లాట్లలోకి దించి సర్దేది మీ ఆ రెండు వేళ్లే. అవి లేకపోతే మీ వృత్తే పోయినట్టయినా, పట్టిక వేలిని లెక్కిస్తుంది గానీ ఆ వేలు చేసే పనిని లెక్కించదు. అందుకే 5 లక్షల ప్రమాద బీమాతో సరిపెట్టుకోకుండా 25 లక్షలకు తగ్గకుండా తీసుకోండి.

మీ మిత్రుడిది తాత్కాలిక పూర్తి వైకల్యం. కోలుకునే దాకా వారానికి ఇంతని, సాధారణంగా 100 వారాల వరకు చెల్లించే ఈ సదుపాయం చాలా పాలసీలలో అడిగి, అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవలసినది. చవకగా వస్తుందని పాలసీ తీసుకున్నవారు ఎక్కువగా వదిలేసేది దీన్నే, ఆ తర్వాత బాధపడేదీ దీని గురించే. వారానికి 5,000 వచ్చేలా తీసుకుంటే 30 వారాలకు 1,50,000 అవుతుంది. ఏడు నెలలకు మీ ఖర్చు 2,10,000. తగ్గిన 60 వేల కోసమూ, క్లెయిమ్ డబ్బు చేతికందే లోపు గడవడం కోసమూ కనీసం మూడు నెలల ఖర్చు బ్యాంకులో విడిగా ఉంచండి.

ఏడాదికి 20 రూపాయలకే వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనను కూడా వదులుకోవద్దు. శాశ్వత పూర్తి వైకల్యానికి 2 లక్షలు, ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పోతే లక్ష ఇస్తుంది. బండి ఇన్సూరెన్స్‌తో యజమానికి వచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఆ బండికి సంబంధించిన ప్రమాదాలకే వర్తిస్తుంది. ఇంటికి వచ్చి మంచాన ఉన్న వారాలకు ఈ రెండూ ఏమీ ఇవ్వవు.

ఇక పక్షవాతం వంటి జబ్బు వల్ల చెయ్యి పడిపోతే ప్రమాద బీమా వర్తించదు. దానికి తీవ్రమైన జబ్బు వస్తే డబ్బిచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ వేరుగా ఉండాలి. అది కూడా లోపం కనీసం మూడు నెలలు నిలిచి ఉంటేనే పక్షవాతానికి చెల్లిస్తుంది.

దరఖాస్తులో వృత్తి దగ్గర 'వ్యాపారం' అని ఊరుకోకుండా, కరెంటు మోటార్ల మరమ్మతు అని స్పష్టంగా రాయండి. ప్రీమియం కొంత పెరిగినా, వృత్తి దాచారనే కారణంతో క్లెయిమ్ తిరస్కరించే అవకాశం ఉండదు. మీ మిత్రుడికి ప్రమాద పాలసీ ఏదైనా ఉందేమో ఈ వారమే వెతికించండి. ఉంటే ఆలస్యం చేయకుండా కంపెనీకి తెలియజేసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆయన పనికి వెళ్లలేరని తేదీలతో సహా డాక్టరు చేత రాయించుకోమనండి. వారాల లెక్క ఆ తేదీలను బట్టే కడతారు.