ఉగ్రవాదాన్ని వ్యూహంగా చదివేటప్పుడు

బ్రాడీపేట, గుంటూరు

చి. శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

సొంతగడ్డ మీద పుట్టే ఉగ్రవాదాన్ని యుద్ధ వ్యూహ సిద్ధాంతంతో పరిశీలిస్తూ నువ్వు రాసిన ప్రాజెక్టు ముసాయిదా చదివాను. ఘటనలు మరీ ఎక్కువయ్యాయి. రెండు చాలు: అమెరికాలోని ఓక్లహోమా సిటీలో 1995 నాటి బాంబు దాడి, నార్వేలో 2011 నాటి దాడులు. రెండుచోట్లా దాడి చేసింది ఆ దేశపు పౌరుడే, రెండింటికీ కోర్టు విచారణ జరిగింది. నార్వే మీద 2012 ఆగస్టులో వచ్చిన కమిషన్ నివేదిక కూడా ఉంది.

ఒక్కో ఘటనకు ఒక కాగితం తీసుకుని నాలుగు గళ్లు గియ్యి. దాడి చేసినవాడికి చివరికి కావలసిందేమిటి, దానికి ఎంచుకున్న పద్ధతి, చేతిలో ఉన్న వనరులు, ప్రభుత్వమూ జనమూ ఎలా స్పందిస్తారని వేసుకున్న లెక్క. మూడో గడి పేపర్లు చదివితే నిండిపోతుంది, చాలామంది అక్కడే ఆగిపోతారు. బాంబు తయారీ వివరాలు అసలు రాయకు, వ్యూహానికి వాటితో పనిలేదు.

బరువంతా నాలుగో గడిదే. సైన్యం లేనివాడు రాజ్యాన్ని బలంతో ఓడించలేడు, దాని చేతే తప్పు చేయించాలని చూస్తాడు. ఓక్లహోమాలో 168 మందిని చంపినవాడు ఏప్రిల్ 19ని కావాలనే ఎంచుకున్నాడు. టెక్సాస్‌లోని వేకోలో ఒక మత వర్గం స్థావరం చుట్టూ ఫెడరల్ బలగాలు వేసిన ముట్టడి 1993లో మంటల్లో ముగిసిన తేదీ అది. ఫెడరల్ ప్రభుత్వం మీద జనం తిరగబడతారనుకున్నాడు. జరిగింది వేరు, ప్రభుత్వాన్ని వ్యతిరేకించే సాయుధ ముఠాలైన మిలీషియాల మీదే జనానికి ఏవగింపు పెరిగింది. ఆ లెక్క, అది తప్పిన తీరు రెండూ రాయి.

యుద్ధ సిద్ధాంతం రాసిన ప్రష్యా సేనాని క్లౌజ్‌విట్స్ దగ్గర జాగ్రత్త. యుద్ధాన్ని నడిపే మూడు శక్తులంటూ ఆయన చెప్పిన త్రయాన్ని ప్రజలు, సైన్యం, ప్రభుత్వం అని రాసేశావు. ఆయన ముందు చెప్పింది ద్వేషావేశం, సంభావ్యత, రాజకీయ వివేచన. అవి ఎక్కువగా ఎవరికి చెందుతాయో చెప్పేటప్పుడే ప్రజలు, సేనాని, ప్రభుత్వం వచ్చారు. ఇది పట్టుకోకపోతే, సైన్యమే లేని ఒంటరి దాడికి ఆయన సిద్ధాంతం పనికిరాదని తేల్చేస్తావు.

ఆయన చెప్పిన రాపిడిని కూడా వాడుకో, అంటే వేసుకున్న పథకాన్ని చిన్న చిన్న అడ్డంకులు చెడగొట్టడం. ఓక్లహోమాలో పేలుడు జరిగిన గంటన్నరకల్లా దాడి చేసినవాడు దొరికిపోయాడు, కారుకు నంబరు ప్లేటు లేదని హైవే పోలీసు ఆపినందుకు. రాపిడి ప్రభుత్వం వైపూ ఉంటుంది. అంతకుముందే ఖాయం చేసిన భద్రతా ఏర్పాట్లు అమలుచేసి ఉంటే ప్రభుత్వ భవనాల మీద దాడిని ఆపగలిగేవారని నార్వే కమిషనే తేల్చింది.

ఆయన చెప్పిన గురుత్వ కేంద్రం, అంటే ఒక పక్షం బలమంతా ఆధారపడి ఉండే చోటు, నాయకుడనో ఆయుధాలనో రాయకు. ఇలాంటి దాడుల్లో నాయకుడే ఉండకపోవచ్చు. ప్రభుత్వం కాపాడుకోవాల్సిన కేంద్రం జనం నమ్మకం. కొడుకు ధోరణి మారిందని బెజవాడ వన్‌టౌన్‌లో ఒక తల్లి భయపడకుండా స్టేషన్‌కు వచ్చి చెప్పగలగాలి. ఏదో జరిగిందని వీధిలో కుర్రాళ్లందర్నీ పట్టుకెళ్లి కూర్చోబెడితే ఆ తల్లి ఇక గడప దాటదు. దాడి చేసినవాడు కోరుకున్నదీ అదే. నార్వేలో 77 మందిని చంపినవాణ్ని మామూలు కోర్టులోనే విచారించి, అవసరమైతే పొడిగించే వీలుతో 21 ఏళ్ల నిర్బంధం వేశారు. మరింత ప్రజాస్వామ్యమే జవాబన్నారు అప్పటి ప్రధాని స్టోల్టెన్‌బర్గ్. దాన్ని మెతకదనం అనకు. వాడి నాలుగో గడిని దెబ్బకొట్టిన వ్యూహం అది. మీ గైడు ఒప్పుకోకపోయినా ఈ మాట మీద నిలబడి వాదించు.

నిర్వచనానికి యూఏపీఏ (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) 15వ సెక్షన్ మీద ఒక్క పేరా చాలు. చట్టం భయం పుట్టించే ఉద్దేశాన్ని చూస్తుంది, నువ్వు చూడాల్సింది ఆ భయంతో ఏం సాధించాలనుకున్నారన్నది. నల్లమల మావోయిస్టులను మాత్రం ఇందులో కలపకు. దళాలు, అడవిలో పట్టు, 1938లో మావో చెప్పిన మూడు దశల దీర్ఘకాల యుద్ధం, 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్న నాయకత్వం, అది వేరే ప్రాజెక్టు.

ఆదివారంలోగా రెండు కాగితాలూ పంపు. నాలుగో గడికి ఆధారం దొరకనిచోట ఖాళీగానే వదిలెయ్యి, ఊహించి నింపొద్దు.

మీ పెదనాన్న